వంటింటి మాటలు: మజ్జిగతో మెత్తని బిస్కెట్లు



క్రిస్మస్ దగ్గర పడిందంటే మైదా, చక్కెర, డాల్డా, గుడ్లు డబ్బాకెత్తుకొని ఏ ఆదోనికో ఎమ్మిగనూరుకో పోయి, బేకరీలో బిస్కెట్లు కాల్పించుకొని రావడం మన సంఘాల్లో పాత అలవాటే. సరుకు మనదైనా కాల్చిన కూలి, బస్సు చార్జీ, ఒక రోజు పని అన్నీ లెక్కేస్తే తక్కువేమీ కాదు. పైగా ఆ నెలల్లో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుండి ఎన్నో కుటుంబాలు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు జిల్లాకు వలసపోయి ఉంటాయి. చాలా ఇండ్లలో అవ్వ, పిల్లలే మిగులుతారు. ఆ అవ్వ తన పొయ్యి మీదనే చేయగలిగిన బిస్కెట్టు ఒకటుంది. ఓవెను వద్దు, గుడ్డూ వద్దు.

బిస్కెట్టు అనే మాటకు లాటిన్‌లో మూలార్థం రెండుసార్లు కాల్చినదని. అందుకే మనకు తెలిసినది కరకరలాడుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మాత్రం మజ్జిగ పోసి కాల్చిన మెత్తని చిన్న రొట్టెను బిస్కెట్టంటారు. మనం చేసేది అదే, కొంచెం తీపి ఎక్కువగా.

మైదా పావు కిలో, చక్కెర పొడి 40 గ్రాములు, బేకింగ్ పౌడరు 2 చిన్న చెంచాలు, వంట సోడా పావు చెంచా, ఉప్పు అర చెంచా. ఇవన్నీ కలిపి జల్లించండి. వెన్న 75 గ్రాములు. మన ఎండలకు వెన్న కారిపోతుంది గనుక ముందురోజు రాత్రే గిన్నెలో పెట్టి కడవ నీళ్లలో ఉంచి, తెల్లవారుజామున పని మొదలుపెట్టండి. వెన్నను పిండిలో వేళ్లకొసలతో నలిపితే రవ్వలాగా కావాలి. అక్కడక్కడ శనగబేడలంత ముక్కలు మిగిలినా మంచిదే. కాలేటప్పుడు వాటిలోని నీరు ఆవిరై పొరలు విప్పుతుంది.

మజ్జిగ 150 మిల్లీలీటర్లు, పుల్లగా చిక్కగా ఉండాలి. నీళ్లు కలిపి తాగే మజ్జిగ పనికిరాదు. ఆ పులుపు సోడాను తాకగానే పొంగు పుడుతుంది కాబట్టి, కలిపిన తరువాత పక్కింటివాళ్లతో మాట్లాడుతూ నిలబడకండి.

సోడా గురించి ఒక హెచ్చరిక. బట్టలుతికే చాకలి సోడా, తినే సోడా చూడటానికి ఒకేలా ఉంటాయి. చాకలి సోడా నోటినీ గొంతునూ కాలుస్తుంది. రెండింటినీ ఒకే గూట్లో పెట్టకండి, కాగితం పొట్లంలో విడిగా తెచ్చినది నమ్మకండి.

చపాతీ పిండిలాగా పిసకవద్దు. ఎంత పిసికితే అంత గట్టిపడుతుంది. ముద్ద కాగానే అరచేత్తో అద్ది, మూడు మడతలు వేసి, మళ్లీ అద్దండి. ఇలా మూడుసార్లు. అంగుళం మందాన ఉంచి స్టీలు గ్లాసు అంచుతో నేరుగా కోయండి. గ్లాసును తిప్పితే అంచులు మూసుకుపోయి సరిగా పొంగవు. నెయ్యి రాసిన పళ్లెంలో ఒకదానికొకటి తగిలేటట్టు పేర్చితే పక్కలకు పోకుండా పైకి లేస్తాయి.

మందమైన ఇనుప బాండలిలో కడిగి ఎండబెట్టిన ఇసుక రెండు వేళ్ల మందాన పోసి, మూతపెట్టి పావుగంట బాగా కాగనివ్వండి. ఇసుక మీద మూడు చిన్న రాళ్లు, వాటిమీద పళ్లెం, పైన ఇనుప మూత. మూతమీద నిప్పులు పరిస్తే పైభాగం కూడా ఎర్రబడుతుంది. నిప్పుల పని వాకిట్లోనే చేయండి, తలుపులు మూసిన గదిలో వద్దు. కుక్కరులో చేస్తామంటారు కొందరు. నీళ్లు లేకుండా కాగితే అల్యూమినియం చెడిపోతుంది. ఇనుప బాండలే నయం. 25, 30 నిమిషాల తరువాత శుభ్రమైన ఈనెపుల్ల గుచ్చి చూడండి, పిండి అంటకపోతే దించవచ్చు. నిప్పులు దొరకకపోతే పైభాగం తెల్లగానే ఉంటుంది. పెనం మీద ఒక నిమిషం బోర్లిస్తే సరి.

మైదాలో నాలుగో వంతు కొర్రపిండి కలుపుకోవచ్చు. రుచి బాగుంటుంది, పొంగు కొంచెం తగ్గుతుంది. వేడివేడిగా చీల్చి బెల్లంపాకం పోసి ఇస్తే పిల్లలు పళ్లెం నాకేస్తారు.

మరునాటికి గట్టిపడతాయి. ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరిపడితే మళ్లీ మెత్తనవుతాయి. వలసలో ఉన్నవాళ్లకు మూటకట్టి పంపాలనుకుంటే మాత్రం ఇవి వద్దు, బూజు పడతాయి. వాళ్లకు బొరుగుల ఉండలో, వేరుశనగ చెక్కలో చేసి పంపండి.