వెల వేరు, విలువ వేరు

డుకాటి సంస్థ 2020లో సూపర్‌లెజ్జెరా వి4 అనే మోటారుసైకిలును 500 మాత్రమే చేసి, ఒక్కొక్కదానికి వరుససంఖ్య వేసి అమ్మినది. అమెరికాలో అప్పటి దాని వెల లక్ష డాలర్లు. చట్రము, చక్రాలు కార్బన్ ఫైబరువి. రేసు సామగ్రి బిగిస్తే బరువు సుమారు 152 కిలోలు, బలము 234 అశ్వశక్తులు. సూత్రంలో అర్ధమాత్ర తగ్గినా వైయాకరణులు మురిసిపోతారంటారు. ఈ యంత్రకర్తలదీ ఆ లాఘవప్రీతియే. ఆ పనితనానికి తల వంచవలసినదే.

అయితే కొనదగునా? కావ్యానికైనా యంత్రానికైనా ప్రయోజనమే గీటురాయి. శిక్షణ పొంది ట్రాకు మీద దాని బలాన్ని అందుకోగలవానికి అది వైణికుని చేతి వీణ. కాని 500లో ఒకటి అన్న సంఖ్య వేగాన్ని పెంచదు. ఆ సొమ్ములో స్వల్పభాగంతోనే మంచి బండి, టైర్లు, శిక్షణ అన్నీ సమకూరుతాయి.

మనకు చేరువలో పేరున్న ట్రాకు చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నది. మా విస్సన్నపేట-తిరువూరు దారిలో ఉండేవి ట్రాక్టర్లు, గేదెలు, బడిపిల్లలు. ట్రాకు దొరకని వేగం రహదారిని వెతుక్కుంటుంది. 2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపై 1000 సీసీల బండి ప్రమాదంలో క్రికెటర్ అజహరుద్దీన్ గారు 19 ఏళ్ళ కుమారుణ్ణి కోల్పోయారు. అంతటి శోకం ఏ తండ్రికీ వద్దు.

కనుక నా అభిప్రాయమిది: హాలులో నిలిపేవానికి అది అలంకారపు వెల, ట్రాకుపై నేర్చేవానికి అనవసరపు వెల, వీధికెక్కించే కుర్రవానికి ప్రాణపు వెల. బిడ్డ కోరితే ముందు శిక్షణకు పంపండి. బండి సంగతి తరువాత చూడవచ్చు.