కాంటెస్టుల నుంచి కొత్తవాళ్లను తరమకండి

హామ్ రేడియోలోకి కొత్తగా వచ్చేవాళ్లకు మన పెద్దలు కొందరు మొట్టమొదట చెప్పే మాట, "కాంటెస్టుల జోలికి పోకు" అని. కాంటెస్టంటే నిర్ణీత సమయంలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడే పోటీ. వద్దనడానికి కారణాలూ సిద్ధంగా ఉంటాయి. అక్కడ మాటా మంతీ ఉండదు, మర్యాద ఉండదు, అందరూ ఒకరికొకరు 59 అని అబద్ధపు రిపోర్టులు ఇచ్చుకుంటారు, పెద్ద టవర్లున్న వాళ్లదే రాజ్యం, శని ఆదివారాలు బ్యాండంతా గోల. ముందు కొన్నేళ్లు హామ్‌లు రేడియోలో గుంపుగా కబుర్లాడుకునే నెట్‌లో కూర్చుని పెద్దల మాటలు విను, ఆ తర్వాత చూద్దువుగాని అంటారు. ఈ సలహా పూర్తిగా తప్పు. వీరులపాడు లాంటి ఊళ్లో, పక్కన కూర్చుని నేర్పే మనిషి లేనిచోట, కష్టపడి లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడికి ఈ మాట చెబితే అతని రేడియో ఆర్నెల్లలో అటకెక్కుతుంది.

ముందు ఆ 59 సంగతి తేలుద్దాం. మామూలుగా 5 అంటే మాట స్పష్టంగా అర్థమవుతోందని, 9 అంటే సిగ్నల్ బలంగా ఉందని. కాంటెస్టులో అందరూ 59 అనే ఇస్తారు, నిజమే. కానీ అబద్ధం అనాలంటే ఎవరో ఒకరు మోసపోవాలి కదా? అది లాంఛనమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అసలు సరుకు దాని వెనక వస్తుంది. సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో అయితే మనం ఉన్న జోన్ నంబరు: మనకు 22, అండమాన్‌కు 26. జపాన్ హామ్‌ల సంఘం జేఏఆర్‌ఎల్ నడిపే ఆల్ ఏషియన్‌లో అయితే ఆపరేటర్ వయసు. ఆ అంకెనూ, అవతలివాళ్ల కాల్‌సైన్‌నూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. పోటీ ముగిశాక వేల స్టేషన్ల లాగ్‌లను కంప్యూటర్ ఒకదానితో ఒకటి సరిచూస్తుంది. సీక్యూ వరల్డ్ వైడ్‌లో కాల్‌సైన్ తప్పు రాస్తే ఆ కాంటాక్టు పోవడమే కాదు, పైన జరిమానా కూడా. సాయంత్రం కబుర్లలో మీరు విన్నది సరో కాదో ఇంత నిక్కచ్చిగా దిద్దేవాళ్లు ఎవరున్నారు?

మర్యాద లేదన్న ఆరోపణ నాకు మరీ బాధ కలిగిస్తుంది. అక్కడి పద్ధతి చూడండి. అవతలి స్టేషన్ "క్యూఆర్‌జెడ్" (ఎవరు పిలుస్తున్నారు?) అన్నాకే పిలవాలి. మన కాల్‌సైన్ పూర్తిగా, ఒక్కసారి, విక్టర్ యూనిఫామ్ అంటూ ప్రామాణికమైన పదాలతో చెప్పి ఆగాలి. అవతలి ఆపరేటర్ రెండు మూడు అక్షరాలే పట్టుకుని అడిగితే, ఆ అక్షరాలు లేనివాళ్లు నోరెత్తకూడదు. మనల్నే పిలిస్తే "ఫైవ్ నైన్ టూ టూ", అంతే. పేరు, ఊరు, వానల సంగతి ఆ పూటకు వద్దు, మన వెనక ఇంకా ఎంతమంది కాచుకుని ఉన్నారో! మన కాల్‌సైన్ తప్పు విన్నారనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా అక్కడే సరిదిద్దాలి. మనమే సీక్యూ అని అందరినీ పిలవదలిస్తే ముందు వినాలి, ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా అని అడగాలి, కాసేపాగి మళ్లీ అడగాలి. మనకు వినిపించని స్టేషన్‌తో అక్కడ మరొకరు మాట్లాడుతూ ఉండొచ్చు. ఇంత కట్టుబాటును రెండు రోజుల్లో ఒంటబట్టించే బడి మరొకటి నాకు కనిపించలేదు.

ఈ కట్టుబాట్లను తొక్కేవాళ్లు లేరా? ఉన్నారు. మైక్ గెయిన్ అతిగా పెంచి పక్క ఫ్రీక్వెన్సీల మీదికి పొర్లిపోయేవాళ్లను గట్టిగా మందలించాల్సిందే. ఆ తప్పు వాళ్లది. కొత్తవాడి మీద ఎందుకు వేస్తారు? ఇక బ్యాండంతా గోల అనేవాళ్లకు 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లు ఉన్నాయి. అక్కడ కాంటెస్టులు పెట్టకూడదన్నది ప్రపంచమంతా పాటించే ఆనవాయితీ.

టవర్లున్న వాళ్లదే రాజ్యం అన్న మాట గెలుపు విషయంలో నిజం, నేర్చుకునే విషయంలో కాదు. 14 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు పది మీటర్ల తీగ చాలు, వేపచెట్టుకూ డాబాకూ మధ్య పట్టేస్తుంది. దేశమూ జోనూ లెక్కకొచ్చే పోటీలో వీయూతో మొదలయ్యే కాల్‌సైన్ వినపడితే యూరప్ ఆపరేటర్ చెవి నిక్కబొడుచుకుంటుంది, ఎందుకంటే మన దేశం నుంచి పలికేవాళ్లు తక్కువ. అందులోనూ రెండో రోజు చూడండి. పెద్ద స్టేషన్లు పెద్ద స్టేషన్లన్నిటితోనూ మాట్లాడేసి ఉంటాయి, కొత్త గొంతు కోసం ఎదురు చూస్తుంటాయి. మన నీరసమైన సిగ్నల్ కోసం ఓపిగ్గా రెండు మూడుసార్లు అడుగుతాయి.

దీనివల్ల ప్రజలకు ఒరిగేదేమిటి అని కూడా అడుగుతారు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్, తన బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో స్టేషన్ పెట్టారు. ఏళ్ల తరబడి హామ్‌లు పలకని దీవులు కావడంతో ప్రపంచం నలుమూలల నుంచీ పిలుపులు వెల్లువెత్తాయి. 26వ తేదీ ఉదయం భూకంపం, ఆ వెంటనే సునామీ. అంతవరకూ ఆ వెల్లువలోంచి ఒక్కొక్క కాల్‌సైన్‌ను ఏరుతున్న చెవులే ఆపద సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసే పనికి మళ్లాయి. అది కాంటెస్టు కాదు, అరుదైన చోటికి వెళ్లి స్టేషన్ పెట్టే డీఎక్స్‌పెడిషన్, ఒప్పుకుంటాను. గుంపులోంచి ఒక్క గొంతును పట్టడం, క్లుప్తంగా చెప్పడం, విన్నది తిరిగి చెప్పి రూఢి చేసుకోవడం మాత్రం రెండింటికీ ఒకటే.

మన వైపు ఈ నేర్పుతో పనిలేదనుకోవద్దు. 2023 జులైలో మున్నేరు వరద ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చి విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య రాకపోకలనే ఆపేసింది. అలాంటి రోజున కారు బ్యాటరీతో నడిచే రేడియో, 7 మెగాహెర్ట్జ్‌కు తక్కువ ఎత్తులో కట్టిన తీగ ఉంటే పగటిపూట హైదరాబాద్ అందుతుంది. అందినా, ఆపరేటర్ తడబడకుండా పని చేయగలగాలి.

కాబట్టి వీరులపాడు కుర్రాడికి నేనిచ్చే సలహా వేరు. అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో సీక్యూ వరల్డ్ వైడ్ మాటల పోటీ వస్తుంది, మన గడియారంలో శనివారం ఉదయం 5:30కు మొదలు. మొదటి రోజు ఎక్కువగా విను. ఆదివారం మధ్యాహ్నం నుంచి నీ లైసెన్సు అనుమతించిన బ్యాండ్‌లలో పిలుస్తున్న స్టేషన్లను ఒక్కొక్కటిగా వెతికి జవాబివ్వు. ఐదు కాంటాక్టులే అయినా లాగ్ పంపు. నీతో మాట్లాడిన ఆ ఐదుగురి లాగ్‌లనూ సరిచూడటానికి అది పనికొస్తుంది.