కరగడం వేరు, ఒంటబట్టడం వేరు

'ఒంటబట్టడం' అనే మాటను మనం తిండికీ వాడతాము, చదువుకూ వాడతాము. పద్యాన్ని వల్లె వేసిన ప్రతి పిల్లవానికీ అది ఒంటబట్టిందని చెప్పలేము. మందుబిళ్ళల విషయంలోనూ ఇటువంటి భేదమే ఉన్నది. దానిని చదువరుల దృష్టికి తేవడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

తలనొప్పికీ, ఒళ్ళునొప్పులకూ మనం వేసుకొనే పారాసిటమాల్ మాత్రనే తీసుకుందాము. పరీక్షాశాలలో 900 మిల్లీలీటర్ల ద్రావణాన్ని 37 డిగ్రీల వేడిమిలో ఉంచి, మాత్రను అందులో వేసి, తెడ్డువంటి సాధనాన్ని నిమిషానికి 50 చుట్లు తిప్పుతారు. అరగంటలో ఇంచుమించు 80 శాతం మందు కరిగితే మాత్ర గట్టెక్కినట్లే.

కాని మన కడుపు గాజుపాత్ర కాదు. పారాసిటమాల్ ప్రధానంగా చిన్నప్రేగులోనే రక్తంలో కలుస్తుంది. కడుపు ఎంత వేగంగా ఖాళీ అయితే మందు అంత వేగంగా రక్తానికి చేరుతుందని 1973లో ప్రెస్కాట్, నిమ్మో, హెడింగ్ ప్రభృతులు నిరూపించారు. భోజనం పైన వేసుకొంటే మందు ఆలస్యంగా అందుతుందే కాని, మొత్తం మీద పెద్దగా తగ్గదు. ఈ సంగతి తెలియక, "ఇంకా నొప్పి తగ్గలేదే" అని మాత్ర మీద మాత్ర మింగేవారు కాలేయానికి చేటు తెచ్చుకొంటున్నారు.

ఐబూప్రొఫెన్ కథ మరొకటి. కడుపులోని ఆమ్లంలో అది సరిగా కరగదు, ప్రేగులలో కరుగుతుంది. గాజుపాత్రలో ఏ ద్రావణం పోశామన్న దానిని బట్టి జవాబు మారిపోతుంది. 1995లో అమిడన్ మొదలైన శాస్త్రజ్ఞులు మందులన్నిటినీ ఎంత కరుగుతాయి, ప్రేగు గోడను ఎంత దాటుతాయి అనే రెండు ప్రశ్నలతో నాలుగు తరగతులుగా విభజించారు. ఐబూప్రొఫెన్ రెండవ తరగతిది.

గాజుపాత్ర చెప్పలేని చోట మనిషే పరీక్షాపాత్ర కావాలి. ఆరోగ్యవంతులకు పాత కంపెనీ మందు ఒకసారి, కొత్త కంపెనీ మందు ఒకసారి ఇచ్చి, గంటల తరబడి రక్తం తీసి సరిపోలుస్తారు. నీటిలో సరిగా కరగని తరగతుల మందులకు ఇటువంటి పరీక్ష తప్పనిసరి అని 2017 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం నియమం చేసింది. అది మంచి నియమమే. కాని ఆ రక్తం ఎవరిది?

ఈ ప్రశ్న మా పల్నాటికి పరాయిది కాదు. 2011లో, మా దాచేపల్లికి పొరుగున ఉన్న పిడుగురాళ్ళ నుండి పేద స్త్రీలను హైదరాబాదుకు తీసుకువెళ్ళి, వారిపై క్యాన్సరు మందులను పరీక్షించారన్న వార్త గుప్పుమన్నది. డబ్బు ఆశ చూపారని, విషయం వివరించలేదని ఆరోపణలు వచ్చాయి. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ అనుమతిని తాత్కాలికంగా నిలిపివేశారు. అవి నొప్పి మాత్రలు కాకపోవచ్చును. కాని పరీక్షా పద్ధతి ఇదే.

అటువంటి పరీక్షలు మానివేయాలని నేను అనను. మానివేస్తే ఒంటబట్టని మాత్రలు మింగి నష్టపోయేది మళ్ళీ పేదవారే. నా మనవి రెండు మాటలు. గాజుపాత్ర చాలిన చోట మనిషిని సూదితో పొడవరాదు. పారాసిటమాల్ సాధారణ మాత్రలకు, కొన్ని షరతులతో, ద్రావణ పరీక్షే చాలునని 2006లోనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. మనిషి తప్పనిసరి అయిన చోట ఆమెకు అర్థమయ్యే తెలుగులో, ఆమె తిరిగి తన మాటలలో చెప్పగలిగేటంతగా, విషయం వివరించాలి.

కాగితం మీద వేలిముద్ర పడినంత మాత్రాన సమ్మతి లభించినట్లు కాదు. మందు ఆమె ఒంటబట్టిందో లేదో అంత శ్రద్ధగా కొలిచేవారు, చెప్పిన మాట ఒంటబట్టిందో లేదో కూడ కొలవవలదా?