వసంతమున మంచుకొండలు



పోయిన ఫాల్గుణమున మా అక్కగారి కుమారుడు, తాను కాశ్మీరములోని గుల్మర్గునకు పోయి స్కీలపై కొండలలో తిరుగబోవుచున్నట్లు వ్రాసినాడు. స్కీలనగా కాళ్ళకు తగిలించుకొని మంచుపై జారెడు పొడుగుపాటి పలకలు. అక్క కంటనీరు పెట్టుకొని, "వలదని నీవైన వ్రాయుము" అని నన్ను కోరినది. ఇరువదియేండ్ల బిడ్డను వలదన్నంత మాత్రమున ఆపగలమా? తెలిసి తిరుగుట మేలని తలచి, నేను గ్రహించిన సంగతులను వానికి వ్రాసితిని. అట్టి బిడ్డలుగల తల్లులకు పనికివచ్చునని వానినే ఇందు పొందుపరచుచున్నాను.

గుల్మర్గున తీగబండి 3,900 మీటర్లకు పైబడిన ఎత్తునకు కొనిపోవును. ఆ పైవాలులలో భయమెల్ల మంచుచరియలవలననే. శీతకాలమున క్రొత్తగా పడినట్టియు, గాలికి కొట్టుకొనివచ్చి పేరినట్టియు మంచు పెచ్చులుగా విరుగును. వసంతమున ఎండయే శత్రువు. పగటివేళ కరగిన నీరు లోనికింకి పొరల పట్టును సడలించును. రాత్రి మరల గడ్డకట్టును. కావున తెల్లవారుజామున రాయివలెనున్న వాలు మధ్యాహ్నమునకు అంబలివలెనగును. చీకటితో బయలుదేరి, ఎండ ముదరకమునుపే దిగివచ్చుట అచ్చటి నియమము.

ఇందొక సూక్ష్మము కలదు. నిర్మలమైన రాత్రి మన పెరటి ఆకులపై మంచు కురియును. మబ్బు పట్టినరాత్రి కురియదు. నేలవేడి ఆకాశమునకు పోనీయక మబ్బు దుప్పటివలె కప్పుటయే కారణము. కొండపైనను అంతియే. మబ్బు పట్టిన రాత్రి మంచు సరిగా గడ్డకట్టదు. అట్టి ఉదయమున ఎంత పెందలకడ లేచినను నిటారు వాలులకు పోరాదు.

తూర్పువాలు మొదట మెత్తబడును. పిదప దక్షిణము, ఆ పిమ్మట పడమర. ఉత్తరపువాలు చల్లగానుండి శీతకాలపు అపాయమును చాలదినములు దాచికొనును. 30 మొదలు 45 డిగ్రీల వాలున చరియలు మిక్కిలిగా విరుగును. కాలు లోతుగా దిగబడినను, మంచుముద్దలు తమంత దొర్లినను, అడుగున గుభిల్లుమని వినబడినను మెల్లని వాలునకు తప్పుకొని మరలవలెను.

ప్రతివానియొద్దను సంకేతములను పంపి గ్రహించెడు చిన్నయంత్రము, మంచును గ్రుచ్చి వెదకు పొడుగుకడ్డీ, పార ఉండితీరవలెను. మంచు క్రింద చిక్కినవారికి ఊపిరాడదు. 10 నిమిషములలో వెలికితీసినచో పదుగురిలో తొమ్మండుగురు బ్రతుకుదురు. అరగంట గడచెనా, ఆశ సన్నగిల్లును. ఊరినుండి సహాయము అంతలో రాజాలదు, తోడివారే దిక్కు. అందులకే వాలును ఒక్కొక్కరుగా దాటవలెను. తక్కినవారు భద్రమైన చోట నిలిచి కనిపెట్టియుండవలెను. స్థలమెరిగిన మార్గదర్శి లేక పోరాదు. ఆనాటి హెచ్చరికను విచారింపక కదలరాదు.

చరియలో చిక్కినవారి విషయమున, నూటికి తొంబదిమార్లు దానిని కదలించినవారు వారో, వారి తోడివారోయని ఎరిగినవారు చెప్పుదురు. ఈ మాట భయపెట్టునదైనను నాకు ధైర్యమునే ఇచ్చినది. మన నడతవలన వచ్చు ఆపద మన నడతవలననే చాలవరకు తప్పును గదా!

"నాయనా! శిఖరమెక్కితివా యని నేనడుగను, ఏ గంటకు దిగివచ్చితివని అడిగెదను" అని ఉత్తరము ముగించితిని.

పది దినములకు ప్రత్యుత్తరము వచ్చినది. "పిన్నీ! రాత్రి మబ్బు విడువలేదు. నాలుగు గంటలకు లేచి, ఆకసము చూచి, మరల పండుకొంటిమి. పొరుగు బసవారు నవ్విరి." అక్క ఆ ఉత్తరమును ముమ్మారు చదువుకొన్నది. మన బిడ్డలకు ముందుకు పోవు ధైర్యమును అందరును నేర్పుదురు. నలుగురు నవ్వుచుండగా మరలివచ్చు ధైర్యమును ఇంటిలో మనమే నేర్పవలెను.