మసి పూసుకుంటే చెంచోళ్ళమైతమా?



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. ఈ రోజును ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిందని సోషల్ సారు చెప్పారు. మన హాస్టల్‌లో కూడా ప్రోగ్రాం ఉన్నది. ఐటెంల లిస్టులో నాలుగోది "అడవి మనుషుల డ్యాన్స్". మొఖానికి మసి, నడుముకు వేపాకు, చేతిలో బల్లెం, నోట్లో "జింగ లాల". ఆ ఐటెం అట్ల వద్దని నేను రాస్తున్నాను. కోపంతో రాస్తలేను. ఎందుకు వద్దో చెప్తాను.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వేరే ఊళ్ళో ఒక ఫంక్షన్‌కు ఇదే డ్యాన్స్ చేసినం. ఎనిమిది మందిమి. పెనం మసి నూనెలో కలిపి అందరికీ పూస్తున్నరు. నా దగ్గరికి రాంగనే పూసే ఆమె ఆగి, "దీనికి అక్కరలేదు, ఇది ఒరిజినల్" అన్నది. అందరు నవ్విండ్రు. నేను కూడా నవ్విన. ప్రోగ్రాం అయినంక బోరింగు కాడ మొఖాలు కడుక్కున్నం. నేను కూడా సబ్బు పెట్టి రుద్దుకుంటున్న. నాకు మసే పూయలేదని అప్పుడు యాదికొచ్చింది. ఆపేసిన.

మాది నల్లమల. మేం చెంచోళ్ళం. మా ఇంట్ల అక్షరాలు నేర్చింది నేనే మొదలు. మా పెంటలో "జింగ లాల" అని ఎవరూ అనరు. మేం మాట్లాడేది తెలుగే. మా తాత గోచి పెట్టుకునేటోడు, గోచి కూడా బట్టనే. మా నాయన ప్యాంటు తొడుక్కుంటడు. కోస్గికి వచ్చిన కొత్తల ఒక అమ్మాయి నన్ను "మీరు పచ్చి మాంసం తింటరట గదా" అని అడిగింది. ఆమె చెడ్డది కాదు. ఆమె చూసిన బొమ్మ అట్లున్నది. ఈ మసి మనిషి అడవి నుంచి రాలేదు, బొమ్మల నుంచి వచ్చిండని నా అభిప్రాయం.

బయటి దేశాల్లో కూడా ఇట్లనే జరిగింది. ఇటలీలో వెనిస్ అనే ఊరున్నది. 1700 ప్రాంతంలో ఆంద్రియా బ్రుస్తొలోన్ అనే శిల్పి ఒక ధనవంతుల ఇంటికి సామాను చెక్కిండు. నల్ల కర్రతో ఆఫ్రికా మనుషుల బొమ్మలు చేసి, మెడలకు గొలుసులు పెట్టిండు. వాళ్ళను జాడీలు మోసే స్టాండ్లు చేసిండు. ఆ ఇంట్ల పెరిగే పిల్లలు పొద్దున లేస్తే అదే చూస్తరు. నల్లోడంటే మోసేటోడని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంట్లో సామానే చెప్తది.

బొమ్మలు మంచి కూడా చేస్తయి. 1787లో ఇంగ్లాండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే ఆయన, పింగాణి ఫ్యాక్టరీ యజమాని, బానిసత్వం వద్దని చిన్న బిళ్ళలు చేయించిండు. దాని మీద సంకెళ్ళు వేసిన ఆఫ్రికా మనిషి ఉంటడు. ఆడవాళ్ళు వాటిని గాజులకు, జడపిన్నులకు పెట్టుకున్నరు. చాలామందికి మనసు కరిగింది. 1807లో బ్రిటిష్ వాళ్ళు బానిసల వ్యాపారం నిషేధించిండ్రు. కాని ఆ బిళ్ళ మీద కూడా ఆ మనిషి మోకాళ్ళ మీదనే ఉన్నడు. నిలబడి లేడు.

ఇగ మన దగ్గరికి వద్దాం. శ్రీకాళహస్తి కలంకారీలో దేవుళ్ళకు నీలం, ఆడవాళ్ళకు పసుపు, రాక్షసులకు ఎరుపు వేస్తరు. దూరం నుంచి గుర్తు పట్టేందుకు అది మంచిదే. కాని చూసే కన్నుకు రంగును బట్టి గుణం చెప్పుడు అలవాటైతది. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టినంక దేవతల బొమ్మలు అచ్చయి ఇంటింటికీ పోయినయి. లక్ష్మి, సరస్వతి తెల్లగ ఉంటరు. నేను చూసిన క్యాలెండర్లలో మా చెంచులక్ష్మి కూడా తెల్లగనే ఉన్నది. ఆమె నరసింహస్వామి చేసుకున్న చెంచు పిల్ల. స్వామి మాకు బావ వరుస. ఆడపిల్ల దేవత కాంగనే తెల్లగైంది, ఆమె అన్నదమ్ములు మాత్రం స్టేజీ మీద మసిలోనే ఉన్నరు! అహోబిలం గుడి స్తంభం మీద స్వామి, చెంచులక్ష్మి ఇద్దరూ ఉన్నరు. అక్కడ ఇద్దరిదీ ఒకటే రాయి, ఒకటే రంగు.

"సరదాకే గదా, మసి లేకుంటే అడవోళ్ళని ఎట్ల తెలుస్తది?" అని కొందరు అక్కలు అన్నరు. మన హాస్టల్‌లో లంబాడోళ్ళు, ఎరుకలోళ్ళు, చెంచోళ్ళం ఉన్నం. మసి లేకుండనే ఉన్నం. చూడంగనే తెలవకుంటే తప్పేంది? అడిగితే చెప్తం. లంబాడ అక్కలూ, మీ యాడి ఏండ్ల తరబడి అద్దాలు కుట్టిన కాంచళి, కిరాయికి తెచ్చిన డ్యాన్సు డ్రెస్సు ఒకటేనా? మీకే తెలుసు.

ఐటెం తీసెయ్యమంటలేను, మార్చమంటున్న. మా దగ్గర బండ అంచున తేనె తీయాలంటే తాడు పట్టుకొని దిగాలె. పైన తాడు పట్టేది బామ్మర్ది. కింద ఉన్నది తన అక్క మొగుడు గనుక ప్రాణం పోయినా వదలడని నమ్మకం. అది చేసి చూపిద్దాం. మసి అక్కరలేదు, ఆకులు అక్కరలేదు. ఇద్దరు పిల్లలు, ఒక తాడు చాలు. కింద దిగేది నేను. తాడు పట్టే బామ్మర్ది కావాలె. మేడం ఒప్పుకుంటే, ఇష్టమున్నోళ్ళు శనివారం లోపల పేరు ఇయ్యండి.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు
ఒక చెంచు అమ్మాయి, 9వ తరగతి