బీపీకి మిషనుంది, కాలి బిగుతుకి చెయ్యే దిక్కా?

పింఛన్ల గొడవ సద్దుమణిగిందనుకుంటన్నారు గానీ, దాని కిందున్న అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకి 6,000 అయ్యింది. మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైపోయినోళ్ళకి 15,000. 2025లో గవర్నమెంటు మళ్ళీ తనిఖీలు పెట్టింది. ఆగస్టులో నోటీసులొచ్చాయి, ఊరూరా గోలయ్యింది. ఎవడు దొంగ, ఎవడు దొర అని టీవీల్లో ఒకటే అరుపులు. కండరాలు బిగుసుకుపోయిన మనిషిని అసలు ఎలా కొలుస్తన్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

గౌతమికి ఇవతల మన రాయవరం చూడండి, అవతల అమలాపురం చూడండి. పక్షవాతమొచ్చి చెయ్యి ముడుచుకుపోయిన పెద్దోళ్ళుంటారు. కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న దింపు కార్మికులుంటారు. పుట్టుకతో సీపీ ఉన్న పిల్లలుంటారు, కాళ్ళు కత్తెరలా పడిపోయి. వీళ్ళలో చాలామందిని పీడించేదాన్నే డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు. మన భాషలో బిగుతు. మామూలుగా కండరాన్ని సాగదీస్తే అది ఎదురు తిరగకుండా మెదడు బ్రేకు వేస్తా ఉంటాది. మెదడో వెన్నుపామో దెబ్బతింటే ఆ బ్రేకు పోతాది. అప్పుడు ఎంత గబుక్కున లాగితే అంత గట్టిగా బిగుస్తాది.

నేను డాక్టర్ని కాదు. సర్టిఫికెట్ కాయితాలు పట్టుకుని జనంతోపాటు క్యాంపుల చుట్టూ తిరిగేవోణ్ణి. చూసింది, చదివింది చెప్తన్నాను. ఈ బిగుతుని కొలవడానికి ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఆష్‌వర్త్ స్కేలు. 1964లో ఆష్‌వర్త్ అనే డాక్టరు పెట్టాడు, 1987లో బొహానన్, స్మిత్ కాస్త మార్చారు. డాక్టరు మీ కాలునో చెయ్యినో పట్టుకుని వంచి, చాపి, తన చేతికి ఎంత అడ్డు తగిలిందో చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తాడు. అంతే. ఒక చేతికి రెండు అనిపించింది ఇంకో చేతికి ఒకటి అనిపించొచ్చు.

పైగా బిగుతు రోజంతా ఒక్కలా ఉండదు. చలికి పెరుగుతాది, జొరానికి పెరుగుతాది. మూత్రం నిండినా, మలబద్ధకమున్నా, పుండున్నా పెరుగుతాది. ఆటోలో కుదుపులు తిని, పొద్దున్నుంచీ లైన్లో కూర్చున్నోడి కాలు ఒకలా ఉంటాది. మాత్ర వేసుకుని, వేణ్ణీళ్ళు పోసుకుని వచ్చినోడి కాలు ఇంకోలా ఉంటాది. మనిషి ఒకడే, మార్కులు రెండు. ఆ ఒక్క పూట చూసిందే కాయితమెక్కితే ఎలా?

ఇక్కడే చేతిలో పట్టే మిషన్లు పనికొస్తాయి. మీ ఫోను తిప్పగానే తెర తిరుగుతాది కదా, ఆ కదలిక పసిగట్టే సెన్సర్‌నే చిన్న పెట్టెలో పెట్టి కాలికి కడతారు. ఎంత వేగంగా కదిపారు, ఏ కోణంలో కండరం పట్టేసింది అన్నది అంకెల్లో పడతాది. చర్మం మీద స్టిక్కర్లంటించి కండరంలో కరెంటు సంకేతం చూసేవి ఉన్నాయి. ఎంత బలంతో ఎదురు తిరిగిందో చెప్పేవీ ఉన్నాయి. 1951లో వార్టెన్‌బర్గ్ చెప్పిన లోలకం పరీక్ష ఇంకా సులువు: బల్ల అంచున కూర్చోబెట్టి, కాలు ఎత్తి వదిలేసి, అది ఎన్నిసార్లు ఊగిందో చూడ్డమే. బిగుసుకున్న కాలు తొందరగా ఆగిపోతాది.

ఈ అంకెలతో లాభమేంటి? ముందు వైద్యానికి. కాలిని మెల్లగా వంచితే ఎంత వస్తాది, గబుక్కున వంచితే ఎక్కడ పట్టేస్తాది, ఈ రెండింటి మధ్య తేడా చూడాలి. తేడా ఎక్కువుంటే నరాల బిగుతు ఎక్కువ, మందుకి లొంగే అవకాశముంది. మెల్లగా వంచినా రాకపోతే కండరమే పొట్టిదైపోయుండొచ్చు. దానికి పట్టీలు, ప్లాస్టర్లు, ఒక్కోసారి ఆపరేషనూ కావాలి. తేడా తెలీకుండా వేల రూపాయల బొటాక్స్ ఇంజెక్షను వేయిస్తే అప్పే మిగులుతాది. ఆ ఇంజెక్షను పనిచేసేది ఇంచుమించు మూడు నెలలు. వేసే ముందు, వేశాక కొన్ని వారాలకి, మళ్ళీ మూడో నెల్లో కొలిస్తేనే రెండోసారి వేయించాలో వద్దో తేలుద్ది. బాక్లోఫెన్ మాత్రకీ అంతే, మోతాదు పెంచాలా తగ్గించాలా అన్నది కొలిచి చూడాలి. (ఆ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మానెయ్యకండి, ప్రమాదం.)

అయితే మిషన్ని దేవుణ్ణి చెయ్యొద్దు. కొంతమంది ఆ బిగుతు ఆసరాతోనే లేచి నిలబడతారు. అది పూర్తిగా తీసేస్తే కూలబడిపోతారు. చంటోడికి నిక్కరు తొడగడం తేలికయ్యిందా, రాత్రి నిద్ర పడతందా, చెయ్యి కడుక్కోగలుగుతన్నాడా, ఇవి కూడా కొలతలే. అందుకే నా భయం కూడా చెప్తాను. రేపు ఈ మిషన్లొస్తే, ఇంజెక్షను వేసిన నెలకి కొలిచి "అంకె తగ్గింది, పింఛను కట్" అనే ఆఫీసరు పుట్టొచ్చు. మందు ప్రభావం దిగిపోతే కాలు మళ్ళీ మొదటికొస్తాది. పోయిన పింఛను అంత తేలిగ్గా వస్తాదా?

కాబట్టి మనం అడగాల్సింది ఇది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఊళ్ళోకి 104 బండి వచ్చి బీపీ, సుగరు చూస్తంది. ఏరియా ఆసుపత్రులున్నాయి. అక్కడ ఈ మిషన్లు పెట్టి, ఫిజియోథెరపిస్టులకి వాడ్డం నేర్పండి. ఒకే భంగిమలో, ఒకే వేళకి, మందు ముందూ వెనకా కొలవండి. ఆ కాయితం ఆఫీసు బీరువాలో కాదు, మనిషి చేతిలో పెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం గీత గీసింది. ఆ గీత దగ్గరున్నోణ్ణి ఒక్క పూట చూసి తేల్చెయ్యొద్దు.

మిషన్లు వచ్చేలోగా, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లో అలాంటి మనిషుంటే ఒక నోటుబుక్కు పెట్టండి. తారీకు, టైము, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఏ పని చెయ్యగలిగారు, ఏది చెయ్యలేకపోయారు, రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటే వారానికోసారి అదే మంచం మీద, అదే వేళకి వీడియో తియ్యండి. బలవంతంగా లాగకండి. డాక్టరు దగ్గరికెళ్ళినా, బోర్డు దగ్గరికెళ్ళినా ముందు ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టండి. చూడమని అడగండి.