1500 కాపీలు, 8 అణాలు

(చదువు, మనం: 11వ భాగం)



డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఈ రెండు నెలలూ మన టైమ్‌లైన్లన్నీ జాబితాలతో నిండిపోతాయి. 'తప్పక చదవాల్సిన పాతిక పుస్తకాలు', 'తెలుగులో పది గొప్ప నవలలు'. ఏ పది జాబితాలైనా పక్కపక్కన పెట్టి చూడండి. అవే పేర్లు, అవే ఇంటిపేర్లు, అవే ప్రచురణ సంస్థలు. చివర్లో ఎక్కడో, మర్యాద కోసం, ఒక జాషువా. ఊరి చివర పేట ఉన్నట్టే జాబితా చివర మనం.

ఇందులో వింతేమీ లేదు. మన జాబితాలు కూడా అలాగే ఉండటమే వింత. మన స్టడీ సర్కిల్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడో చెల్లెలో 'అన్నా, ఏం చదవమంటావు?' అని అడిగితే నోటికొచ్చేవి నాలుగైదు పేర్లే. పెద్ద సంస్థలు వేసినవి, ఇంగ్లిష్ పేపర్లలో సమీక్షలు వచ్చినవి, అవార్డులు అందుకున్నవి. సొంత డబ్బులతో వేసుకున్న రచయిత పేరు ఆ మాటల్లోకి రాదు. వచ్చినా 'ఎవరూ వెయ్యకపోతే తనే వేసుకున్నాడట' అని వస్తుంది. ఆ 'తనే వేసుకున్నాడట'లో ఉన్న చిన్నచూపు గురించే ఈ వారం.

మన ఉద్యమానికి పునాది అయిన పుస్తకం ఏది అంటే ఎవరైనా 'కుల నిర్మూలన' అంటారు. అది ఎలా వచ్చిందో గుర్తుందా? లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ 1936 వార్షిక సభకి బాబాసాహెబ్‌ని అధ్యక్షుడిగా పిలిచింది. ఉపన్యాసం ప్రతి ముందుగా చూసి భయపడింది. వేదాల మీద రాసింది తీసేయమంది, హిందూ మతం వదిలేస్తానన్న మాట తీసేయమంది. ఒక్క కామా కూడా మార్చేది లేదని ఆయన చెప్పాడు. సభ రద్దయింది. అప్పుడు ఆయన ఆ ఉపన్యాసాన్ని తన ఖర్చుతో అచ్చు వేశాడు. 1500 కాపీలు. ధర 8 అణాలు. రెండు నెలల్లో అన్నీ అయిపోయాయి.

అంటే ఈ దేశంలో కులం మీద వచ్చిన అతి పదునైన పుస్తకం, ఎవరూ వెయ్యకపోతే తనే వేసుకున్న పుస్తకం. ఇవాళ మనం చిన్నచూపు చూసే ఆ కోవలోదే.

ఆ పుస్తకం మీద గాంధీ తన 'హరిజన్' పత్రికలో రాశాడు. వాదన ఒప్పుకోలేదు. కానీ సంస్కర్త అన్నవాడెవడూ దీన్ని పక్కన పెట్టలేడన్నాడు. ధర కూడా ఎక్కువైందన్నాడు, 2 అణాలకో కనీసం 4 అణాలకో తగ్గించమన్నాడు. సొంత జేబులోంచి అచ్చు వేసుకున్న రచయితకి ధర తగ్గించుకోమన్న ఆ సలహా ఇప్పటికీ మన స్టాళ్ళ ముందు వినబడుతూనే ఉంటుంది.

బాబాసాహెబ్ ఏం చేశాడు? 1937లో రెండో కూర్పు వేసినప్పుడు గాంధీ రాసిన విమర్శనీ, దానికి తన జవాబునీ కలిపి అదే పుస్తకంలో అచ్చు వేశాడు. తన పుస్తకాన్ని కాదన్నవాడి మాటలకి తన పుస్తకంలోనే చోటిచ్చాడు. ఆ కూర్పు ముందుమాటలో ఇంకో సంగతి ఉంది. పుస్తకం అప్పటికే గుజరాతీ, తమిళంలోకి వెళ్ళింది, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలోకి వెళ్తోంది. ఆ వరసలో తెలుగు లేదు. బోయి భీమన్న అనువాదంతో అది మన చేతికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక పుస్తకం గురించి చెప్పేవాళ్ళు లేకపోతే, అడిగేవాళ్ళు లేకపోతే, అది ఒక భాష పొలిమేరలోనే ఆగిపోతుంది.

ఇదేదో ఒక్కసారి జరిగిన కథ కాదు. 1855లో జోతిరావు ఫూలే 'తృతీయ రత్న' నాటకం రాసి దక్షిణా ప్రైజ్ కమిటీకి పంపితే వాళ్ళు తిప్పి కొట్టారు. 1920లో 'మూక్‌నాయక్' మొదలైనప్పుడు డబ్బులిస్తామన్నా తిలక్ పత్రిక 'కేసరి' దాని ప్రకటన వెయ్యలేదు. 1956 సెప్టెంబర్‌లో, చనిపోవడానికి మూడు నెలల ముందు, బాబాసాహెబ్ నెహ్రూకి ఉత్తరం రాశాడు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' అచ్చు ఖర్చు భారమవుతోంది, బుద్ధ జయంతి సందర్భంగా ప్రభుత్వం ఓ 500 కాపీలు కొనగలదా అని అడిగాడు. దానికి కేటాయించిన డబ్బు అయిపోయిందని జవాబు వచ్చింది. ఆ పుస్తకం ఆయన పోయాక, 1957లో బయటికి వచ్చింది. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి 500 కాపీల కోసం ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇక నల్గొండలోనో నెల్లూరులోనో కవిత్వం రాసుకునే టీచర్ సంగతి చెప్పేదేముంది?

ఆ టీచర్ పుస్తకం ఎలా వస్తుందో మీకు తెలుసు. చీటీ పాడిన డబ్బులో, పీఎఫ్ అప్పో. డీటీపీకి కొంత, ప్రూఫులు చూసే స్నేహితుడికి టీ ఖర్చు, అట్టకి బొమ్మ, ప్రెస్సులో అడ్వాన్స్. 500 కాపీలు. ఆవిష్కరణ సభలో వక్తలకి, పెద్దలకి ఉచితంగా వందో నూటయాభయ్యో పోతాయి. పుస్తకాల షాపుకి ఇచ్చినవి కమిషన్ పోగా వచ్చే డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. మిగిలినవి కట్టలు కట్టి మంచం కిందకి. వానాకాలం చెద పడుతుంది. ఆ మంచం కిందే మన సాహిత్య చరిత్ర సగం ఉంది.

నమ్మకపోతే 'నల్లపొద్దు' తీసి చూడండి. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని గోగు శ్యామల వెతికి సంకలనం చేస్తే 2003లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఎనభై ఏళ్ళు మన అక్కలు రాస్తూనే ఉన్నారు. రాయక కాదు, చెప్పేవాళ్ళు లేక. ఒక తరం తను చదివిన పుస్తకం పేరు తర్వాతి తరానికి చెప్పకపోతే, ఆ తర్వాతి తరం ఇంటింటికీ తిరిగి కాగితాలు ఏరుకోవాలి. పుస్తకాన్ని సిఫార్సు చేయడం అంటే నేను చెప్పేది ఈ పనే. అభిరుచి చూపించుకోవడం కాదు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మనం ఎలాంటి పుస్తకాలని 'మనవి' అంటున్నాం?

ఆత్మకథ అయితే మనది. కారంచేడు మీద, చుండూరు మీద కవిత్వమైతే మనది. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చాక ఆ గొంతు తెలుగు కవిత్వాన్నే మార్చేసింది, అందులో సందేహం లేదు. 'అంటరాని వసంతం' చదవకుండా తెలుగు నవల గురించి మాట్లాడలేం. ఇవి పునాదులు. కానీ పునాది దగ్గరే ఆగిపోయి ఇల్లు కట్టుకోకపోతే ఎలా? మన రచయిత డిటెక్టివ్ నవల రాస్తే? సైన్స్ ఫిక్షన్ రాస్తే? ప్రేమకథ రాస్తే? పిల్లల కథలు, వంటల పుస్తకం, క్రికెట్ మీద వ్యాసాలు రాస్తే? 'ఇందులో దళిత వేదన ఏది?' అని అడుగుతాం. మన బాధే చూడాలనుకునే అగ్రవర్ణ పాఠకుడి చూపుని మనం అరువు తెచ్చుకుని మన రచయిత మీద వేస్తున్నాం.

రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో రచయిత కావాలనుకున్నానని రాశాడు. ఏం రచయిత? కార్ల్ సాగన్ లాంటి సైన్స్ రచయిత. నక్షత్రాల గురించి రాయాలనుకున్న కుర్రాడు. మనం అతని చావు గురించి వందల సభల్లో మాట్లాడాం, మాట్లాడాల్సిందే. కానీ ఇవాళ ఒక దళిత విద్యార్థి నిజంగా నక్షత్రాల మీద పుస్తకం రాసి, స్కాలర్‌షిప్ డబ్బులతో 200 కాపీలు వేసుకుని వస్తే, దాన్ని మన స్టాల్లో ముందు వరసలో పెడతామా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మనం అతని పేరెత్తడం కుదరదు.

దారి వేసినవాళ్ళు లేకపోలేదు. షాహూ పటోలే మరాఠ్వాడా దళితుల తిండి మీద మరాఠీలో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశాడు. చూడటానికి వంటల పుస్తకం. చదివితే ఎవరికి ఏ ముక్క దక్కిందో చెప్పే కుల చరిత్ర. కోల్‌కతాకి చెందిన మిమి మండల్ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాస్తుంది, అమెరికా దాకా ఆ రంగంలో పేరు తెచ్చుకుంది. గోగు శ్యామల పిల్లల కోసం కథలు రాసింది. వేముల ఎల్లయ్య 'కక్క' నవల మొత్తాన్ని తెలంగాణ మాదిగ వాడ మాటలో రాశాడు. 'ఆ భాష అర్థం కాలేదు' అన్నవాళ్ళున్నారు. అగ్రహారం మాట అర్థమైనవాళ్ళకి వాడ మాట అర్థం కాకపోవడం భాష సమస్య కాదు, అలవాటు సమస్య. ఆ అలవాటు మార్చేది నలుగురు చదివి, నలభై మందికి చెప్పడమే.

మనలో మన లెక్కలు కూడా ఉన్నాయి. మాల రచయిత పుస్తకం మాదిగ మిత్రుల జాబితాలో, మాదిగ రచయిత పుస్తకం మాల మిత్రుల జాబితాలో ఎన్నిసార్లు కనబడుతుంది? డక్కలి, చిందు, రెల్లి వాడల నుంచి వచ్చిన పుస్తకం ఎవరి జాబితాలో ఉంది? ఆడవాళ్ళ పుస్తకాలు మార్చి 8కి తప్ప గుర్తొస్తాయా? పెద్ద కులాల జాబితాని తిట్టే హక్కు మనకి ఉండాలంటే ముందు మన జాబితా కడుక్కోవాలి.

'మనవాళ్ళు రాశారని బాగాలేని పుస్తకాన్ని కూడా పొగడాలా?' అని అడిగేవాళ్ళకి: అక్కర్లేదు. పొగడ్త సాయం కాదు. 'అద్భుతం, తప్పక చదవండి' అన్న మాటతో ఒక్క కాపీ కూడా కదలదు. పుస్తకం ఏం చెబుతుందో రాయండి. ఏ అధ్యాయం బాగుందో, ఎక్కడ తేలిపోయిందో రాయండి. అచ్చుతప్పులుంటే చెప్పండి, రెండో ముద్రణకి పనికొస్తుంది. వాదన తప్పనిపిస్తే గట్టిగా పోట్లాడండి. గాంధీతో పోట్లాట వల్ల 'కుల నిర్మూలన' చిన్నదైపోయిందా? దాని గురించి ఎవరూ మాట్లాడకపోతే చిన్నదయ్యేది. రచయితకి మౌనం కన్నా పెద్ద అవమానం లేదు.

ఇక చేయాల్సిన పనులు, సూటిగా.

ఒకటి. పుస్తకం గురించి రాసినప్పుడు పేరు, రచయిత, ధర, ఎక్కడ దొరుకుతుందో నాలుగూ రాయండి. స్వతంత్ర రచయిత పుస్తకం లోపలి పేజీలో 'ప్రతులకు' అని ఉంటుంది. ఆ వివరం లేని సిఫార్సు గాలిలో మాట.

రెండు. పీడీఎఫ్ సంగతి. హాస్టల్లో మెస్ బిల్లు కట్టలేని తమ్ముడికి నేను నీతులు చెప్పను. కానీ చీటీ డబ్బుతో 300 కాపీలు వేసుకున్న మనిషి పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో తిప్పితే, ఆ మనిషి రెండో పుస్తకం రాదు. నలుగురు కలిసి ఒక కాపీ కొనండి. చేతులు మారనివ్వండి.

మూడు. గ్రంథాలయాలని అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళ అద్దెలో కూడా ఆ పైసలున్నాయి. మీ జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్ళి, ఫలానా పుస్తకం కావాలని రాసి ఇవ్వండి. ఏ పుస్తకాలు కొన్నారో సమాచార హక్కు కింద అడగండి. మన డబ్బుతో ఎవరి పుస్తకాలు కొంటున్నారో తెలుసుకోవడం మన హక్కు.

నాలుగు, రచయితలకి. ఐఎస్‌బీఎన్ ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, మధ్యవర్తికి డబ్బులు కట్టకండి. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ప్రతి పంపండి. చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మిగతా మూడు గ్రంథాలయాలకి కూడా. మీ మంచం కింద చెద పట్టినా అక్కడ ఒక కాపీ బతుకుతుంది.

ఐదు. ఈ నెలలో ఒక్కొక్కరూ ఒక్క పుస్తకం. పెద్ద సంస్థ వెయ్యనిది, మీరు మామూలుగా చదవని ప్రక్రియలోది, మీ ఉపకులం కాని మనిషి రాసింది. కొని చదివి, పది వాక్యాలు రాయండి. రచయితకి ఫోన్ చేసి మాట్లాడండి. ఆ ఫోన్ కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నారో మీకు అప్పుడు తెలుస్తుంది.

లాహోర్ సభ జరగలేదు. ఆ 1500 కాపీలని చేతులు మార్చిన పాఠకుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. వాళ్ళు ఒకరికొకరు చెప్పుకోకపోతే రెండో కూర్పు ఉండేది కాదు.

వచ్చే వారం: మన పాటల పుస్తకాలు, పది రూపాయల చిన్న పుస్తకాల గురించి.

జై భీమ్.